నా పేరు మీద ఉన్న సంఖ్య

మా నాన్న అలీ సాహెబ్ నిజాయితీ గురించి గుంటూరు మిర్చి యార్డులో ఎవరినడిగినా చెబుతారు. నన్ను మాత్రం అడగొద్దు.

అది రెండువేల మూడు వేసవి. ఎండకి పిట్టలు రాలుతున్నాయని పేపర్లలో రాసేవారు. కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. జనం తడిగుడ్డలు కప్పుకుని వాకిట్లో పడుకున్నా సరే, మిర్చి మాత్రం చల్లగా ఉండాలి. అందుకని చిలకలూరిపేట రోడ్డు మీదున్న నాన్న పనిచేసే కోల్డ్ స్టోరేజీలో పెద్ద జనరేటర్ ఉండేది. లైను పోయిందంటే నాన్న నోటి దగ్గర ముద్ద కంచంలో వదిలేసి దాని దగ్గరికి పరిగెత్తేవాడు. జనరేటరూ, చాంబర్ల తాళాలూ అన్నీ ఆయన చేతిలోనే. ఆ కాంపౌండు వెనకే రెండు గదుల క్వార్టరులో మేం ఉండేవాళ్ళం.

నేను లెక్కల్లో బియ్యెస్సీ చేశాను. ఎమ్మెస్సీ చదువుతానంటే ఇంట్లో 'చూద్దాం' అన్నారు. మా ఇంట్లో 'చూద్దాం' అంటే చూడరని అర్థం. ఊరికే కూర్చోవడం దేనికని మేనేజరు వీరాంజనేయులు గారు నన్ను ఆఫీసు కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. రైతులు తెచ్చిన మిర్చి టిక్కీలు ఏ చాంబర్లో ఏ లాటుగా పెట్టారో ఎక్కించి, ఆ లాటుకి రైతు పేరున బాండు అనే రసీదు తీసివ్వడం నా పని. టిక్కీలంటే మా వైపు మిరపకాయల బస్తాలు.

కరెంటు పోని ఆ ఆఫీసు గది మా అన్నయ్య అష్రఫ్ కంట్లో పడింది. వాడు ఒంగోల్లో ఎంసీయే ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం వచ్చినప్పుడు జేబులోంచి సీడీ తీసి నా కంప్యూటర్లో పెట్టాడు.

"ఏంట్రా అది?" అన్నాను. వాడు నాకన్నా రెండేళ్ళు పెద్దే కానీ, 'రా' అనకపోతే మా ఇద్దరికీ మాట సాగదు.

"పెద్ద ప్రధాన సంఖ్యల్ని వెతికే ప్రోగ్రామే. నువ్వు పని చెయ్యనప్పుడు కంప్యూటరు ఖాళీగానే ఉంటుంది కదా? అప్పుడు దానంతటదే లెక్క చేసుకుంటుంది. లోకంలో వేలమంది తమ మెషిన్లు దీనికి ఊరికే ఇస్తున్నారు."

"మా మెషిన్ ఏ సంఖ్య చేస్తుంది?"

"వాళ్ళిచ్చింది. ఒకళ్ళకిచ్చిన సంఖ్య ఇంకొకళ్ళకివ్వరు. అది తేలేదాకా నీదే."

అలా నాకొక సంఖ్య వచ్చింది. రెండుని రెండుతో గుణించుకుంటూ పోవాలి, కోటిన్నర సార్లు దాటాక కూడా ఇంకా పోవాలి, చివర్లో ఒకటి తీసెయ్యాలి. కాగితం మీద రాస్తే యాభై లక్షల అంకెలకు పైనే. ఒకటీ, అదీ తప్ప దాన్ని ఇంకే సంఖ్యయినా శేషం లేకుండా భాగిస్తుందా లేదా అన్నది తేల్చాలి. మా ఆఫీసు కంప్యూటరు పగలూ రాత్రీ నడిచినా మూడు నెలలు పైన పడుతుందన్నాడు. చాలావరకు 'కాదు' అనే వస్తుందనీ చెప్పాడు.

"అవునని వస్తే?"

"కనుక్కున్న మనిషి పేరు ప్రపంచమంతా తెలుస్తుంది. ఎవరి పేరు కొట్టమంటావు?"

"నీది పెట్టుకోవా?"

"మా ల్యాబులో సాయంత్రమైతే మెషిన్లు కట్టేస్తారే. ఇంత ఓపిక నాకెక్కడిది? నువ్వే చూసుకో" అంటూ నా పేరు కొట్టాడు. అర్ఫా, గుంటూరు.

మా అన్నయ్యకి ఒక గుణం ఉంది. ఏదిచ్చినా ఒక చెయ్యి దాని మీదే ఉంచి ఇస్తాడు. చిన్నప్పుడు సైకిలు అలాగే ఇచ్చాడు, రేడియో అలాగే ఇచ్చాడు. ఆ రోజు మాత్రం రెండు చేతులూ తీసేశాడనుకున్నాను. నా పేరు తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తుంటే, నిజం చెప్పొద్దూ, కొత్త చీర కట్టుకున్నట్టుగా అనిపించింది.

నాన్నకి చెప్పడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఇరవై ఒక్క మిరపకాయలు తెచ్చి బల్ల మీద మూడేసి కుప్పలుగా పెట్టి చూపించాను. తర్వాత రెండు తీసేసి, ఇప్పుడు సమానంగా పంచమన్నాను. ఆయన రెండేసి పెట్టాడు, మూడేసి పెట్టాడు, అయిదేసి పెట్టి చూశాడు. ఎలా పెట్టినా కుదరలేదు. చివరికి ఘాటుకి తుమ్మి, "ఎవడికీ పంచిపెట్టడం కుదరని లెక్కన్నమాట!" అని నవ్వాడు.

"అదే నాన్నా. నాది అలాంటిదేనా కాదా అని చూస్తోంది."

"అయితే తేలనీ తల్లీ. నీ సంఖ్య గెలిచిందంటే ఎమ్మెస్సీకి నిన్ను నాగార్జున యూనివర్సిటీలో నేనే దింపి వస్తా. మీ అమ్మ వద్దన్నా సరే."

నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం నవ్వులాటగా తీసుకోలేదు. మా నాన్న మాటంటే మాటే. లోకమంతా నమ్మే మనిషిని కన్నకూతురు నమ్మదా?

ఆ రోజునుంచి ఆ సంఖ్యని పసిబిడ్డని చూసినట్టు చూశాను. మిరప దుమ్ము లోపలికి పోయి ఫ్యాను బిగిసిపోకుండా వారం వారం కంప్యూటరు మూత తీసి బ్రష్షుతో దులిపేదాన్ని. కిటికీకి తడి దుప్పటి కట్టేదాన్ని. వారానికోసారి ఆఫీసు ఫోను లైను తగిలించి ఇంటర్నెట్‌కి కలిపితే, పని ఎంతవరకు వచ్చిందో అది అవతలికి చెప్పుకునేది. సాయంత్రం పూట నాన్న వచ్చి కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చునేవాడు. నూటికి ఎంతయిందో తెర మీద చూసి తల ఊపేవాడు. మా అమ్మ రహిమున్నీసా మాత్రం, "మూడు నెలలు కూర్చుని లెక్క చేసే మెషిన్ని ఇప్పుడే చూస్తున్నా. నీ బుర్రయితే ఈపాటికి చేసేది" అని ఎగతాళి చేసేది.

మార్చి చివర్లో ఒక గొడవ జరిగింది. యలమందయ్య గారని పెదనందిపాడు వైపు రైతు, ఏటా మా దగ్గరే మిర్చి పెట్టేవాడు. ఆయన కొడుకు ట్రాక్టరేసుకుని వచ్చి, మా టిక్కీలు తియ్యండన్నాడు. బాండు తేలేదు.

"లాటు మీ నాన్న పేరునుంది. ఆయన రావాలి" అన్నాడు నాన్న.

"నేనెవర్ననుకున్నావు సాయిబూ? ఆయన కొడుకుని!"

"కొడుకువే కాదన్లా. పెట్టింది మాత్రం ఆయన."

"ఒకింట్లో వాళ్ళమయ్యా! ఒక పొయ్యి మీద తింటున్నాం!"

"ఇంట్లో సంగతి ఇంట్లో చూసుకోండి. ఇక్కడ ఎవరి పేరున ఉంటే వాళ్ళదే. ఆయనొచ్చి తియ్యమంటే ఇప్పుడే తీస్తా, నువ్వు కొట్టినా తియ్యను."

ఆ కుర్రాడు నిజంగానే చెయ్యెత్తాడు. హమాలీలు అడ్డం పడ్డారు. మేనేజరు గారు నచ్చజెప్పబోయినా నాన్న తాళాల గుత్తి లుంగీలో దోపుకుని నిలబడ్డాడు తప్ప కదల్లేదు. వారం తర్వాత యలమందయ్య గారు ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి, నాన్న చేతులు పట్టుకున్నాడు. ట్రాక్టరు సంగతి ఆయనకి అసలు తెలియనే తెలియదట.

ఆ సాయంత్రం కంప్యూటరు ముందు కూర్చుని నాన్న, "ఇది అర్ఫా లాటు" అన్నాడు. ఇంట్లో అందరూ అదే పేరుతో పిలవసాగారు. అర్ఫా లాటు సగం దాటిందట, అర్ఫా లాటుకి దుప్పటి తడపాలట. నాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

ఏప్రిల్ ఆఖర్లో నా స్నేహితురాలు సంతోషకుమారి పెళ్ళి చీరాలలో. నాలుగు రోజులుండి రమ్మని వాళ్ళమ్మ బతిమాలితే వెళ్ళాను. పెళ్ళికూతురి చుట్టాలతో వాడరేవు వెళ్ళాం, సముద్రంలో మోకాళ్ళదాకా తడిశాం. అయినా నా మనసంతా ఆఫీసులోనే. ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేస్తే నాన్న ఎత్తేవాడు.

"ఎంతయింది నాన్నా?"

"ఉండమ్మా, కళ్ళజోడు ఎక్కడ పెట్టానో..." అని కాసేపు వెతుక్కుని, బల్లకి మోకాలు కొట్టుకుని, తెర దగ్గరికి వంగి, ఒక్కొక్క అంకే చదివేవాడు. నాకు మీటరు తిరిగిపోయేది.

మూడో రోజు మళ్ళీ చేశాను. ఈసారి అడగడం ఆలస్యం, "డెబ్బై రెండమ్మా" అన్నాడు. కళ్ళజోడు ప్రసక్తే లేదు.

"అలవాటైపోయిందే!" అని నవ్వాను.

"ఆ, ఆ. నువ్వు జాగ్రత్తగా ఉండు. ఎండలో తిరక్కు" అని తనే ముందు పెట్టేశాడు.

తిరిగొచ్చాక చూస్తే అంతా మామూలుగానే ఉంది. నాన్న మాత్రం సాయంత్రాలు రావడం తగ్గించాడు. సీజను కదా, లోడింగు పని ఎక్కువైందనుకున్నాను. అడిగితే తలనొప్పి అన్నాడు, నడుం నొప్పి అన్నాడు. పిచ్చిదాన్ని, కొబ్బరినూనె వేడిచేసి నడుముకి రాశాను కూడా.

మే నెల సగంలో, లెక్క తొంభైకి దగ్గరపడిన రోజుల్లో, అలవాటు ప్రకారం ఫోను లైను తగిలించాను. అవతలినుంచి నాలుగు ముక్కలు వచ్చాయి. ఈ సంఖ్య పరీక్ష ఇప్పటికే పూర్తయింది, ఇక అక్కర్లేదు, కొత్త సంఖ్య ఇస్తున్నాం అని. చూస్తుండగానే తెర మీద నా సంఖ్య పోయి ఇంకోటి వచ్చి సున్నా నుంచి మొదలైంది.

ఏదో పొరపాటే అయ్యుంటుంది, ఒకళ్ళకిచ్చింది ఇంకొకళ్ళకివ్వరని చెప్పాడు కదా అన్నయ్య? అదృష్టం కొద్దీ వాడు ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. పక్కవారంలో హైదరాబాదులో ఏదో కంపెనీ ఇంటర్వ్యూ ఉందని బట్టలు సర్దుకోవడానికి వచ్చాడు. నేను పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చాను. నాన్నా, వాడూ అన్నాలు తింటున్నారు.

"అన్నయ్యా, నా సంఖ్య ఎవరో చేసేశారంట రా! అక్కర్లేదని మెసేజి వచ్చింది. అలా ఎలా ఇస్తారు వేరేవాళ్ళకి?"

వాడు గోంగూర కలుపుకుంటూ తలెత్తలేదు. "అప్పుడప్పుడు అలా అవుతుందే. సర్వరు తప్పు."

"సర్వరు తప్పయితే వాళ్ళకి రాయాలి కదా? నువ్వు రాసిపెట్టు."

"రాద్దాంలే."

నాన్న వాడి వంక చూశాడు. ఆయనకి అబద్ధం ఆడటం చేతకాదు, ఎదుటివాడు ఆడుతుంటే పట్టుకోవడమూ చేతకాదు. "అదేంట్రా?" అన్నాడు. "పూర్తి చేసింది నువ్వే కదా? 'కాదు' అనే వచ్చిందని మొన్న ఫోన్లో చెప్పావు."

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

తర్వాత ఒక్కొక్క మాటా బయటికొచ్చింది. సగం చేసిన లెక్కంతా ఒక ఫైల్లో ఉంటుంది. దాని నకలు సీడీ మీదికెక్కించి ఇంకో కంప్యూటర్లో పెడితే ఆగిన చోటినుంచే అందుకుంటుంది. పేరు మాత్రం అక్కడ ఎవరిది కొడితే వాళ్ళదే. ప్రాజెక్టుల సమయమని ఒంగోలు ల్యాబులో అప్పుడు రాత్రింబవళ్ళు మెషిన్లు ఉంచుతున్నారు, అన్నీ కొత్తవి. నాకు నెల పట్టే పని వాడికి వారంలో అయిపోయింది. నేను చీరాలలో ఉన్నప్పుడు వచ్చి పట్టుకెళ్ళాడు. ఆఫీసు గది తాళం తీసింది నాన్న.

డెబ్బై రెండు అని కళ్ళజోడు లేకుండా ఎలా చెప్పాడో అప్పుడర్థమైంది. తెర ముందు అష్రఫ్ కూర్చుని ఉన్నాడు. వాడు చదివాడు, నాన్న నాకు చెప్పాడు.

"ఇంటర్వ్యూలో చెప్పుకుంటే ఉద్యోగం గ్యారంటీ అన్నాడమ్మా" అన్నాడు నాన్న. "వాడిదైతేనేం, నీదైతేనేం? పేరు ఇంటిదే కదా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఒప్పుకోవని వాడు..."

మాట మధ్యలో ఆపేశాడు కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఒప్పుకోనని ఇద్దరికీ తెలుసు. తెలిసే తీశారు. అమాయకంగా చేశాడని నాన్నని క్షమించడానికి నేను వెతుక్కుంటున్న ఒక్క దారీ ఆ మాటతో మూసుకుపోయింది.

"యలమందయ్య గారి కొడుకు కూడా ఇంట్లోవాడే కదా నాన్నా" అన్నాను. "వాడు చెయ్యెత్తినా తాళం తియ్యలేదు. వీడు అడగ్గానే తీశావా?"

"అవి పరాయివాళ్ళ సరుకు తల్లీ. ఇది మనదే కదా అని..."

"మనది కాదు. నాది. అర్ఫా లాటని పేరు పెట్టింది నువ్వే."

అష్రఫ్‌కి కోపం వచ్చింది. తప్పు చేసినవాడికి వచ్చే కోపం వేరేగా ఉంటుంది, గొంతు ముందే పెద్దదవుతుంది. "ఇప్పుడేం మునిగిందని ఈ రాద్ధాంతం? అది ప్రధాన సంఖ్య కాదని తేలింది. నువ్వు చేసినా అదే వచ్చేది. నీకేం పోయింది చెప్పు!"

"అవునే" అంది అమ్మ. "రానిదాని కోసం అన్నం ముందు ఏడుపెందుకు? కూర్చుని తిను."

నాకేం పోయిందో వాళ్ళకి చెప్పడం నా వల్ల కాలేదు. మూడు నెలలు దుమ్ము దులిపింది నేను. కాదని వచ్చినా, ఆ మాట మొట్టమొదట వినాల్సింది నేను. ఆ 'కాదు' కూడా నాదే. ఇదంతా అనలేదు. ఒక్కటే అడిగాను.

"దొరికుంటే నాకెప్పుడు చెప్పేవాళ్ళు?"

అష్రఫ్ మళ్ళీ గోంగూర కలుపుకోసాగాడు.

"వాడి పేరు మీద దొరికుంటే, యూనివర్సిటీలో ఎవర్ని దింపేవాడివి నాన్నా?"

అప్పుడే లైను పోయింది. ఫ్యాను ఆగింది. బయట హమాలీలు "సాయిబూ, కరెంటూ!" అని కేకలేస్తున్నారు. నాన్న లేవలేదు. కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. మేనేజరు గారి కేక కూడా వినిపించాకే లేచి, చెయ్యి కడుక్కుని, చెప్పులు వెతుక్కుని, మెల్లగా నడుచుకుంటూ వెళ్ళాడు. నా జీవితంలో ఆయన జనరేటర్ దగ్గరికి నడిచి వెళ్ళడం అదే మొదటిసారి చూడటం.

అష్రఫ్‌కి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఆ సంఖ్య గురించి ఇంటర్వ్యూలో ఎవరూ అడగనే లేదట. అమ్మ ఆ సంగతి నాకు శుభవార్తలా చెప్పింది. చూశావా, వాడి ఉద్యోగం వాడి తెలివితోనే వచ్చింది, నీదేం వాడుకోలేదు అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంత పనికిమాలిన దానికోసమా నన్ను అమ్మేసింది?

జూన్‌లో ఎమ్మెస్సీ ఎంట్రన్సు రాశాను. ఇంట్లో అడగలేదు, చెప్పాను. ఎవరూ 'చూద్దాం' అనలేదు. పరీక్షకి వెళ్ళేటప్పుడు నాన్న చొక్కా వేసుకుని గేటు దాకా వచ్చాడు. నేను బస్సెక్కి వెళ్తానన్నాను. ఆయన చొక్కాతోనే వెనక్కి వెళ్ళి చాంబర్లో పని చూసుకున్నాడు.

కొత్తగా వచ్చిన సంఖ్యని కొన్నాళ్ళు అలాగే వదిలేశాను. దాని మీద మనసు పోలేదు. కానీ దానికి మాత్రం ఏం తెలుసు, అది దాని పని చేసుకుపోతూనే ఉంది. ఒక రోజు దాన్ని చూసి జాలేసి మళ్ళీ మూత తీసి ఫ్యాను దులిపాను. ఆ ఉదయమే మేనేజరు గారిని అడిగి కంప్యూటరుకి పాస్‌వర్డు పెట్టుకున్నాను. "మంచిదేనమ్మా, ఆఫీసు మెషిన్ కదా" అన్నారాయన. ఎందుకని అడగలేదు.

ఆ సాయంత్రం నాన్న వచ్చాడు. చాలా రోజుల తర్వాత రావడం. కుర్చీ లాక్కోలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"కొత్తది నడుస్తోందా?"

"ఆ."

"దీన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వనమ్మా. ఒట్టు."

పాతికేళ్ళుగా ఈ చుట్టుపక్కల రైతుల్లో ఒక్కడైనా ఆయన చేత ఒట్టు వేయించుకోలేదు. కన్నకూతురి ముందు వేశాడు. నాకు ఆయన మీద జాలీ కలిగింది, కోపమూ తగ్గలేదు. రెండూ ఒక్కసారే ఉన్నాయి.

"రా నాన్నా, చూడు" అన్నాను.

ఆయన వచ్చి నా వెనక నిలబడ్డాడు. అప్పటికి తెర నల్లబడిపోయింది. మౌసు కదిపితే పాస్‌వర్డు అడిగింది. నేను కీబోర్డు మీద చేతులు పెట్టి ఆగాను.

నాన్నకి అర్థమైంది. చాంబర్ తాళాలు తియ్యమని వచ్చే పరాయి మనుషులు ఎంత దూరంలో నిలబడతారో అంత దూరం జరిగి, గోడవైపు తిరిగాడు. తిరగమని నేననలేదు. తిరగొద్దని అందామనుకుని కూడా అనలేదు. చేతులు మాత్రం పాస్‌వర్డు కొట్టేశాయి.